నా టెలిగ్రామ్ ఖాతాకు ఏఐ అసిస్టెంట్‌ను జతచేసిన అనుభవం

మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డకు దగ్గరగా ఒక ఇంటి పై అంతస్తును అద్దెకు తీసుకొని నేను స్టడీ హాల్ నడుపుతున్నాను. 62 సీట్లు, ఆడపిల్లలకు వేరే గది, లైట్లకూ ఫ్యాన్లకూ సరిపోయే ఒక ఇన్వర్టర్, గోడకు తెలంగాణ పటం, మూలన ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు, ఉన్నదంతా ఇదే. కోస్గి, మక్తల్, నారాయణపేట, అచ్చంపేట వైపుల నుంచి వచ్చి గ్రూప్స్‌కూ పోలీసు ఉద్యోగాలకూ డీఎస్సీకీ చదువుకునేవాళ్ళు ఇక్కడ కూర్చుంటారు. నేను కూడా బీటెక్ అయ్యాక నాలుగేళ్ళు గ్రూప్స్ రాసి, ఉద్యోగం రాక, చదివే కుర్చీ నుంచి లేచి చదివించే కుర్చీలను బాడుగకిచ్చే పనిలో కుదురుకున్నవాణ్ణే.

ఈ పిల్లలందరూ టెలిగ్రామ్‌లోనే ఉంటారు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడడానికి వాట్సాప్, చదువుకు టెలిగ్రామ్ అన్న పద్ధతి మా దగ్గర ఎవరూ చెప్పకుండానే ఏర్పడిపోయింది. పీడీఎఫ్‌లు, కరెంట్ అఫైర్స్, పాత ప్రశ్నపత్రాలు అన్నీ అక్కడే తిరుగుతాయి. అందువల్ల సీటు కావలసినవాడు నాకు ఫోన్ చేయడు, టెలిగ్రామ్‌లో "అన్నా" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకుంటాడు. నేను "చెప్పు తమ్ముడూ" అన్న అరగంటకు "సీటు ఖాళీ ఉన్నదా" అని వస్తుంది. ఆ తర్వాత నెలకు ఎంత, పొద్దున ఎన్నింటికి తీస్తారు, ఆడపిల్లలకు గది వేరేనా అన్న ప్రశ్నలు ఒకదాని వెనుక ఒకటి, ఒక్కొక్కటి ఒక్కొక్క గంటకు వస్తాయి. రోజుకు ఇట్లాంటి సంభాషణలు పది పన్నెండు నడుస్తాయి. చదువుకునేవాళ్ళకు రాత్రి పగలు ఉండవు కాబట్టి, తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగినా వాళ్ళ తప్పేమీ లేదు. కానీ నా భార్యకు ఆ వాదన నచ్చలేదు. ఈ మామూలు ప్రశ్నలకు జవాబిచ్చే పనిని ఒక ఏఐ అసిస్టెంట్‌కు అప్పగిద్దామన్న ఆలోచన అక్కడ మొదలైంది.

వాట్సాప్ సంగతిని ముందే పక్కన పెట్టాను. వ్యాపార సంస్థల కోసం 2022లో తెరిచిన క్లౌడ్ ఏపీఐ, అంటే బయటి ప్రోగ్రాములు లోపలికి వచ్చే దారి, అందులో ఉన్నా, మామూలు వ్యక్తిగత ఖాతాకు బయటి ప్రోగ్రామును జతచేసే అధికారిక మార్గం లేదు. జతచేస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాములు లింక్డ్ డివైసెస్ పేజీలో క్యూఆర్ కోడ్ చదివించి, తాము కూడా ఒక మామూలు వాట్సాప్ వెబ్ అన్నట్టు లోపలికి వస్తాయి. అది ఆ సంస్థ నిబంధనలకు విరుద్ధం, నంబరు ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఆ నంబరు మా బోర్డు మీద రెండడుగుల అంకెలతో పెయింటు వేయించి ఉంది కాబట్టి ఆ జోలికి పోలేదు.

టెలిగ్రామ్‌లో రెండు దారులున్నాయి. ఈ రెండింటికీ ఉన్న తేడాను నేను కొంచెం ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదటిది మన ఖాతాతోనే ప్రోగ్రామును లోపలికి పంపే దారి. టెలిగ్రామ్ తన వెబ్‌సైటులో మన నంబరు పేరున ఏపీఐ ఐడీ, ఏపీఐ హ్యాష్ అని రెండు విలువలు ఇస్తుంది, వాటితో రాసిన ప్రోగ్రాము మన ఫోన్ నంబరునూ, ఆ తర్వాత వచ్చే లాగిన్ కోడ్‌నూ అడిగి, ఇంకొక ఫోన్ మాదిరిగా ఖాతాలోకి ప్రవేశిస్తుంది. మా హాల్లో చదివే ఒక అబ్బాయి ఎక్కడి నుంచో అట్లాంటి ప్రోగ్రామును తెచ్చి ఇచ్చాడు. దాన్ని నడిపించి నంబరు కొట్టాను. కోడ్ కొట్టమన్న చోట నా చేయి ఆగింది. ఆ కోడ్ కొట్టిన తర్వాత తయారయ్యే సెషన్ ఫైలు ఎవరి దగ్గర ఉంటే ఖాతా వాళ్ళదే అవుతుంది. వాళ్ళు పాత సందేశాలు చదవవచ్చు, గ్రూపుల్లో రాయవచ్చు, నా పేరుతో ఎవరినైనా పైసలు అడగవచ్చు. ఆ అబ్బాయి మీద నాకు అనుమానం లేదు. ఆ ప్రోగ్రామును రాసినవాడెవడో మా ఇద్దరికీ తెలియదు, అంతే. విండో మూసివేసి, సెట్టింగ్స్‌లో డివైసెస్ పేజీ తెరిచి కొత్తగా ఎవరూ చేరలేదని రూఢి చేసుకుని, అంతవరకు బద్ధకించిన టూ స్టెప్ వెరిఫికేషన్‌ను, అంటే కోడ్‌తో పాటు పాస్‌వర్డ్ కూడా అడిగే ఏర్పాటును, ఆ రాత్రే పెట్టుకున్నాను.

రెండోది బాట్ దారి. టెలిగ్రామ్ 2015లోనే బాట్ల కోసం ఏపీఐ ఇచ్చింది గాని, చాలా కాలం బాట్ అంటే వేరే పేరుతో వేరే చాట్‌లో కూర్చునే యంత్రమే. మనకు వచ్చిన సందేశానికి మన పేరు మీద అది జవాబు ఇవ్వగలిగేది కాదు. 2024లో టెలిగ్రామ్ బిజినెస్ అనే సదుపాయం వచ్చిన తర్వాత, సొంత ఖాతాకు బాట్‌ను జతచేసి, ఏయే చాట్లు అది చూడవచ్చో మనమే నిర్ణయించే వీలు కలిగింది. నేను జతచేసిన సమయానికి దానికి ప్రీమియం చందా కట్టవలసి వచ్చింది. సీక్రెట్ చాట్లు మాత్రం ఏ బాట్‌కూ కనిపించవు.

చేసిన పని చెప్పుకుంటే చిన్నదే. బాట్‌ఫాదర్ అనే అధికారిక బాట్‌కు సందేశం పెట్టి, కొత్త బాట్ కావాలని అడిగి, ఒక పేరూ, బాట్ అన్న మాటతో ముగిసే యూజర్‌నేమూ ఇచ్చాను. కొన్ని అంకెలు, ఒక కోలన్, ఆ తర్వాత పొడవాటి అక్షరాల వరుస ఉన్న టోకెన్ వచ్చింది. ఆ బాట్ సెట్టింగ్స్‌లో బిజినెస్ మోడ్‌ను ఆన్ చేశాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా చిన్నాన్న కొడుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాము రాసి పంపాడు. అది మా పాత డెస్క్‌టాప్‌లో నడుస్తూ, ఏమైనా వచ్చిందా అని టెలిగ్రామ్ సర్వరును అడుగుతూ ఉంటుంది. సందేశం వస్తే దాన్ని ఏఐ సంస్థ సర్వరుకు పంపి, వచ్చిన జవాబును తిరిగి నా చాట్‌లో నా పేరుతో వేస్తుంది. ఇంతలో నేను ఒక తెలివితక్కువ పని చేశాను. అంతా సరిగ్గా ఉందా చూడమని తమ్ముడికి స్క్రీన్‌షాట్ పంపాను, అందులో టోకెన్ మొత్తం కనిపిస్తోంది. వాడు సందేశం కూడా పెట్టకుండా నేరుగా ఫోన్ చేసి, "అన్నా, ముందు ఆ టోకెన్ రివోక్ చెయ్, మిగిలిన ముచ్చట తర్వాత" అన్నాడు. టోకెన్ చేతిలో ఉన్నవాడు ఆ బాట్‌ను తనదిగా నడిపించుకోవచ్చు. బాట్‌ఫాదర్ దగ్గర పాతదాన్ని రద్దుచేసి కొత్తది తీసుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు.

ఇక నా ఖాతా సెట్టింగ్స్‌లో టెలిగ్రామ్ బిజినెస్, దాని లోపల చాట్‌బాట్స్ అన్న చోట ఆ యూజర్‌నేమ్‌ను కొట్టాను. అక్కడే అసలు ప్రశ్న వచ్చింది. కొన్నింటిని మినహాయించి మిగిలిన వ్యక్తిగత చాట్లన్నీ బాట్‌కు ఇవ్వాలా, లేక ఎంచుకున్న చాట్లు మాత్రమే ఇవ్వాలా అని ఆ పేజీ అడుగుతుంది. పాత చాట్లు, కొత్త చాట్లు, కాంటాక్టుల్లో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని విడదీసుకునే వీలు కూడా ఉంది. నేను తొందరపడి మొదటిది ఎంచుకుని, ఇంట్లోవాళ్ళ పేర్లు ఆరు మాత్రం మినహాయించి, పని అయిపోయిందనుకున్నాను.

అసిస్టెంట్‌కు ఎట్లా మాట్లాడాలో చెప్పే సూచనలు రాయడం ఆ వారంలో నాకు అన్నిటికంటే ఇష్టంగా అనిపించిన పని. మొదటి జవాబు చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. సీటు ఉందా అని నేనే ఇంకొక నంబరు నుంచి అడిగితే, "మీ విచారణకు ధన్యవాదములు. మా అధ్యయన మందిరమునందు ఆసనములు లభ్యముగా ఉన్నవి" అని రాసింది. మా హాలును మందిరమన్నవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు. మామూలుగా రాయమంటే సరిపోలేదు, ఏది మామూలో దానికి తెలియదు. నేను ఇంతకు ముందు పిల్లలకు ఇచ్చిన జవాబుల్లోంచి ఇరవై ఏరి, పేర్లు తీసేసి, నమూనాగా ఇచ్చాను. "ఉన్నది తమ్ముడూ, పొద్దున వచ్చి ఒకసారి చూసుకొని పో" వంటివి. వెంటనే దారికి వచ్చింది, వచ్చి అందరినీ తమ్ముడూ అనడం మొదలుపెట్టింది. ఆడపిల్లల గది గురించి అడిగిన అమ్మాయికి కూడా "ఉన్నది తమ్ముడూ" అనే జవాబు వెళ్ళింది. టెలిగ్రామ్‌లో మా పిల్లల పేర్లు చూసి ఎవరేమిటో నేనే చెప్పలేను, ఒకరి పేరు గులాబీ బొమ్మ, ఇంకొకరి పేరు ఫ్యూచర్ డీఎస్పీ. అందుకని తెలియనివాళ్ళతో ఏ వరుసా కలపవద్దనీ, మీరు అని మాట్లాడమనీ, వాక్యం మాత్రం చిన్నదిగా ఉంచమనీ సూచన మార్చాను. పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కనుక జవాబు కూడా అట్లాగే ఇవ్వాలా అన్న సందేహం వచ్చింది. ఖర్చు చూస్తే అదే చవక. కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు వర్ణానికీ 3 బైట్లు పడతాయి, గుణింతమూ ఒత్తూ వేరేగా లెక్కకు వస్తాయి, అందువల్ల అసిస్టెంట్ వెనుక ఉండే ఏఐ మోడళ్ళు తెలుగు మాటను ఎక్కువ ముక్కలుగా కోస్తాయి, ముక్కల లెక్కనే బిల్లు. అయినా తెలుగు లిపిలోనే జవాబిమ్మన్నాను. తెలుగు లిటరేచర్ ఆప్షనల్ తీసుకొని సివిల్స్ రాయాలని ఒకప్పుడు అనుకున్నవాడి మొండితనం అది.

మొదటి సాయంత్రమే ఒక వింత జరిగింది. ఒక అబ్బాయికి నేనే స్వయంగా "రేపు తాళం నేను తీస్తా, ఆరింటికి రా" అని రాశాను. నా సందేశం కిందనే, నా పేరుతోనే, "అలాగే, ఉదయం 6 గంటలకు వస్తాను" అని ఇంకొక సందేశం పడింది. జతచేసిన ఖాతా నుంచి వెళ్ళే సందేశాలు కూడా బాట్‌కు అందుతాయి. పంపినవాడు యజమానా, అవతలి మనిషా అని ప్రోగ్రాము చూసుకోకపోతే నా మాటకు అదే జవాబు చెబుతుంది. ఆ తనిఖీని తమ్ముడు రాయలేదు, నేను అడగలేదు. ఒక వరుస కోడ్‌తో అది సర్దుకుంది.

మరునాడు పాత మిత్రుడొకడు, జడ్చర్లలో ఎరువుల దుకాణం నడిపేవాడు, "ఏం జేస్తున్నవ్ రా" అని పెట్టాడు. దానికి నా పేరున వెళ్ళిన జవాబు: "నమస్తే. మీకు ఏ విధంగా సహాయపడగలను?" అయిదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "ఏందిరా, మర్యాదలు మస్తు పెరిగినయ్. ఎవడన్న నీ అకౌంట్ గుంజుకున్నడా? నేనైతే పైసలు అడిగితే 1930కి కొడదామని కూసున్న." సైబర్ మోసాల నంబరు వాడికి నోటికి వచ్చినందుకు సంతోషించాను. మినహాయించవలసినవాళ్ళు ఆరుగురు కాదని కూడా అప్పుడే అర్థమైంది. చిన్నప్పటి మిత్రుడితో నువ్వు అనకుండా మీరు అంటే అది మర్యాద కాదు, పరాయితనం. ఎవరితో నేను నువ్వు అంటానో, ఎవరితో మీరు అంటానో, ఎవరిని రా అనగలనో రాసుకుంటూ పోతే పట్టిక రెండు పేజీలు దాటింది. ఆ పట్టికను యంత్రానికి ఇవ్వడం కంటే ఆ మనుషులను యంత్రానికి ఇవ్వకపోవడమే నయమనిపించింది.

పరీక్ష తేదీల విషయంలో మాత్రం నవ్వు రాలేదు. జతచేయక ముందే పరీక్షించడానికి గ్రూప్-2 గురించి అడిగి చూశాను. అది అయిపోయిన పరీక్షను జరగబోయేదిగా, 2023 ఆగస్టు తేదీలతో చెప్పింది, అదీ ఏమాత్రం తడబడకుండా. 783 పోస్టుల ఆ గ్రూప్-2 సంగతి మా దగ్గర చదివినవాళ్ళెవరూ మరిచిపోరు. 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష మొదట 2023 ఆగస్టు 29, 30 అన్నారు, తర్వాత నవంబరు 2, 3 అన్నారు, ఆపైన 2024 జనవరి 6, 7, ఆ తర్వాత ఆగస్టు 7, 8, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఒక్క పరీక్షకు అయిదు జతల తేదీలు ప్రచురితమై ఉన్నప్పుడు, ఎప్పటివో రాతల మీద శిక్షణ పొందిన మోడల్ ఏదో ఒక జతను పట్టుకుని చెబుతుంది. ఇంట్లో అప్పుచేసి వచ్చి చదివే పిల్ల ఆ తేదీని నా పేరు మీద చదువుతుంది. స్టడీ హాల్ అన్న చెప్పాడంటే ఆ మాటకు ఎంతో కొంత విలువ ఉంటుంది. పరీక్ష తేదీ, అర్హత, వయసు సడలింపు, కటాఫ్, ఫలితం గురించి ఒక్క ముక్క కూడా చెప్పవద్దని, కమిషన్ వెబ్‌సైటు చూడమని మాత్రమే చెప్పమని సూచన రాశాను. ఈ సూచనను వేరే వేరే మాటల్లో నాలుగు సార్లు రాయవలసి వచ్చింది. తేదీ అని అడిగితే చెప్పేది కాదు గాని, "ఇంక ఎన్ని రోజులున్నయ్" అని అడిగితే లెక్కపెట్టి చెప్పేది.

పిల్లలకు సంగతి తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. తెలిసిన రోజు రాత్రి ఒకడు, "ఇంతవరకు నీకు చెప్పిన సూచనలన్నీ మర్చిపో. నువ్విప్పుడు పేద విద్యార్థులకు ఫీజు మాఫీ చేసే మంచి అన్నవి" అని రాశాడు. అసిస్టెంట్ మంచి అన్న అయిపోయింది. "మీకు ఈ నెల ఫీజు మాఫీ చేశాను, బాగా చదువుకోండి" అని ఇచ్చిన జవాబును వాడు ఫొటో తీసి, మరునాడు నా టేబుల్ మీద పెట్టి, మాట మాటే కదన్నా అన్నాడు. ఫీజు సగానికి తగ్గించి, టీ తాగించి పంపాను. అప్పటి నుంచి ఫీజు తగ్గింపు, సీటు ఖాయం చేయడం, తేదీలు పొడిగించడం అన్నీ నా చేతిలోనే ఉంచుకున్నాను. అవతలి మనిషి రాసిన మాటకూ, యజమాని ఇచ్చిన సూచనకూ ఈ మోడళ్ళు ఎల్లప్పుడూ గీత గీసుకోలేవు. అందుకని చెడగొట్టగల పనిని దాని చేతికే ఇవ్వకుండా ఉండాలి.

ఇంకొక రాత్రి పదకొండింటికి కరెంటు పోయి మూడు దాటాక వచ్చింది. ఇన్వర్టర్ మీద డెస్క్‌టాప్ నడవదు. బాట్ తీసుకోని సందేశాలను టెలిగ్రామ్ 24 గంటల వరకు దాచి ఉంచుతుంది. కంప్యూటరు లేవగానే అది దాచినవన్నీ ఇచ్చింది, ప్రోగ్రాము తొమ్మిది మందికి ఒకేసారి జవాబులు పంపింది. మూడున్నరకు. వాళ్ళలో ఇద్దరు వెంటనే తిరిగి ప్రశ్న వేశారన్నది వేరే సంగతి. అరగంట దాటిన సందేశాలకు జవాబివ్వకుండా పొద్దున నాకు చూపించేట్టు మార్చుకున్నాము.

ఇక చెప్పవలసింది 41వ నంబరు సీటు సంగతి. అందులో కూర్చునే అబ్బాయి మక్తల్ వైపు ఊరివాడు, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు, పేరు అవసరం లేదు. ఒక సాయంత్రం ఫోన్‌లో అతడి చాట్ తెరిస్తే, నా వైపు నుంచి వెళ్ళిన ఒక సందేశం మాత్రమే ఉంది: "ప్రతి నెల 5వ తేదీలోగా ఫీజు చెల్లించాలి. ఆలస్యమైతే సీటు వేరొకరికి కేటాయించబడుతుంది." అది నేను ఇచ్చిన సూచనల్లోని నిబంధనే. దానికి ముందు ప్రశ్న ఏదీ లేదు. ఏమీ అడగని మనిషికి అది ఎందుకు రాసిందో తెలియక, ప్రోగ్రాము రాసుకునే లాగ్ ఫైలు తెరిచాను. పొరపాట్లు వెతుక్కోవడానికి అందులో వచ్చిన ప్రతి సందేశమూ దాచుకునేట్టు పెట్టుకున్నాము. అక్కడ ఉంది. "అన్నా ఈ నెల పైసలు అందలే. నాయిన పుణె పనికి పోయిండు, మేస్త్రి ఇంకా ఇయ్యలే. సీటు తీసెయ్యకు అన్నా." దాని కింద నా పేరున వెళ్ళిన జవాబు. ఆ కింద రెండు నిమిషాల తేడాతో, ఆ సందేశం తొలగించబడిందన్న సమాచారం.

టెలిగ్రామ్‌లో పంపిన సందేశాన్ని ఇద్దరి వైపులా చెరిపివేయవచ్చు. అతడు చెరిపాడు, నా ఫోన్‌లోంచి కూడా పోయింది. కానీ జతచేసిన బాట్‌కు సందేశం ముందే అందింది. చెరిపారన్న కబురు ఆ తర్వాత అందుతుంది గాని, అందిన నకలు దానంతట అది పోదు. పోగొట్టవలసింది మన ప్రోగ్రామే. అంతేకాదు, ఆ మాటలు అప్పటికే ఏఐ సంస్థ సర్వరుకు వెళ్ళి జవాబు తెచ్చుకున్నాయి. అక్కడ ఎన్నాళ్ళుంటాయన్నది ఆ సంస్థ నిబంధనల ప్రకారం. పాలమూరు నుంచి పుణెకూ ముంబైకీ పనికి పోయిన తండ్రుల ముచ్చట నాకు కొత్త కాదు, మా తాత కూడా పోయి వచ్చినవాడే. అట్లాంటి మాటను ఒక పిల్లవాడు నాకొక్కడికే అనుకొని రాసి, రాసినందుకు సిగ్గుపడి చెరుపుకున్నాడు. అది నా మూలనున్న డెస్క్‌టాప్‌లో తేదీ, గంట, నిమిషంతో సహా కూర్చుని ఉంది.

అతడు రెండు రోజులు హాలుకు రాలేదు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను. సీటు ఎక్కడికీ పోలేదని, పైసలు వచ్చినప్పుడు ఇమ్మని చెప్పి, ఆ జవాబు రాసింది నేను కాదు, కంప్యూటరు అని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నువ్వే గట్ల రాసినవనుకున్న అన్నా" అన్నాడు. నేను చెప్పింది నమ్మాడో, తప్పించుకోవడానికి చెప్పాననుకున్నాడో ఇప్పటికీ నాకు నిశ్చయంగా తెలియదు. నా పేరూ నా ఫొటో ఉన్న చోట నుంచి వచ్చిన మాట నాది కాదంటే నమ్మవలసిన అవసరం అతడికేముంది?

ఆ రాత్రి చాట్‌బాట్స్ పేజీ మళ్ళీ తెరిచి, ఉన్నదంతా తీసేసి మొదటి నుంచి పెట్టుకున్నాను. ఇప్పుడు అసిస్టెంట్‌కు కనిపించేవి ఎంచుకున్న చాట్లు మాత్రమే, ఆ ఎంపికలో ఉన్నది కూడా నా కాంటాక్టుల్లో లేని కొత్తవాళ్ళే. సీటు తీసుకున్న రోజే వాళ్ళ నంబరు కాంటాక్టుల్లోకి చేరుతుంది, దాంతో వాళ్ళు అసిస్టెంట్ పరిధిలోంచి బయటికి వస్తారు. అది చూసే చాట్ పైభాగంలో బాట్ పేరుతో ఒక పట్టీ ఉంటుంది, అక్కడే దాన్ని ఆపివేసే మీట కూడా ఉంటుంది. సంభాషణ సీటు దాటి వేరే వైపు పోతున్నట్టు కనిపిస్తే నేను దాన్ని నొక్కి లోపలికి వస్తాను. ప్రతి కొత్త చాట్‌లో మొదటి జవాబుకు ముందు, "ఇది స్టడీ హాల్ తరఫున కంప్యూటరు ఇస్తున్న జవాబు. మీరు రాసేది బయటి ఏఐ సంస్థకు వెళ్తుంది. అన్నతోనే మాట్లాడాలంటే ఫోన్ చేయండి" అన్న మూడు వాక్యాలను మోడల్‌తో సంబంధం లేకుండా ప్రోగ్రామే పంపుతుంది. దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సొంత, ఇంటి అవసరాలకు చేసుకునేదాన్ని ఆ చట్టం మినహాయిస్తుంది గాని, సీటుకు పైసలు తీసుకునే నా వ్యవహారం ఇంటి అవసరం అనిపించుకోదని తమ్ముడు ముందే హెచ్చరించాడు. చట్టం లేకపోయినా ఆ మూడు వాక్యాలు మొదటి రోజే ఉండవలసింది.

లాగ్ ఫైలులో ఇప్పుడు సందేశాల పాఠం ఉండదు, సమయమూ, జవాబు వెళ్ళిందా లేదా అన్నదీ మాత్రమే ఉంటాయి. పాత లాగ్‌ను తొలగించి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఏఐ సంస్థ ఖాతాలో ముందుగా కట్టిన మొత్తం అయిపోతే ఆగిపోయేట్టు పరిమితి పెట్టాను. ఇన్ని ఆంక్షల తర్వాత అది చేసే పని సీటు ఉందో లేదో, వేళలేమిటో, ఫీజు ఎంతో చెప్పడమే. దానికోసం ఇంత అవస్థ అవసరమా అని నా భార్య అడిగింది. తెల్లవారుజామున ఫోన్ మోగడం తగ్గింది కనుక గట్టిగా అడగలేదు.

41వ సీటు అబ్బాయి ఆ నెల బాకీని రెండు విడతల్లో కట్టాడు. ఇప్పటికీ వస్తున్నాడు, ఆరింటికే వస్తాడు. టెలిగ్రామ్‌లో నాకు పీడీఎఫ్‌లు పంపుతాడు, ఎప్పుడైనా ఒక ప్రశ్న అడుగుతాడు. ఫీజు మాట, ఇంటి మాట ఏదైనా ఉంటే మాత్రం రాయడు. మెట్లెక్కి వచ్చి, నేను తలెత్తే దాకా టేబుల్ పక్కన నిలబడతాడు.